ఏజెన్సీ లెక్క కట్టిన పట్టిక

2011 జనాభా లెక్కల్లో తూర్పు గోదావరి జిల్లా జనం 51,54,296. అందులో ఎస్టీలు నూటికి నలుగురికి కాస్త పైన. జిల్లా మొత్తానికి ఇచ్చిన ఆ ఒక్క శాతం చూసి పుస్తకం మూసేస్తే, గిరిజనులు ఈ జిల్లాలో ఏదో ఒక మూలన ఉన్నారులే అనుకుంటాం. అదే పుస్తకంలో ఇంకొన్ని పేజీలు తిప్పి మారేడుమిల్లి, వై.రామవరం మండలాల దగ్గర ఆగి చూడండి. మొత్తం జనాభా గడిలో ఉన్న అంకెకూ, ఎస్టీల గడిలో ఉన్న అంకెకూ తేడా బాగా తక్కువ. కొన్ని ఊళ్లకు రెండు గళ్లలోనూ ఒకే అంకె. జిల్లా సగటు కింద కనపడకుండా పోయిన కొండప్రాంతం ఊరి వరసకు దిగేసరికి నిలువునా బయటపడుతుంది.

ఈ వ్యాసంలో పరిచయం చేస్తున్నది ఆ ఊరి వరసలనే. జిల్లా జనగణన హ్యాండ్‌బుక్‌కు రెండు భాగాలు. మొదటిది గ్రామాల, పట్టణాల డైరెక్టరీ: బడి ఉందా, రోడ్డుందా, ఆసుపత్రి ఎంత దూరం అన్న సమాచారం. రెండోది గ్రామాల వారీ ప్రాథమిక జనగణన సారాంశం. దీన్నెవరూ పుస్తకంగా చదవరు. అధికారులు కావలసిన అంకె తీసుకుని వెళ్లిపోతారు, పరిశోధకులు ఎక్సెల్ ఫైలు దించుకుని వాడుకుంటారు. కూర్చుని వరస వెంట వరస చదివితే మాత్రం దీని వెనక ఎంత పనితనం ఉందో, ఎంత జాగ్రత్తగా కట్టారో తెలిసొస్తుంది.

చదవడానికి ఒక ప్రశ్న పట్టుకుని దిగాలి. నేను పట్టుకున్నది ఇది: రంపచోడవరం శాసనసభ నియోజకవర్గంలో 18 ఏళ్లు నిండినవారిలో గిరిజనులెంతమంది, గిరిజనేతరులెంతమంది, మండలాల వారీగా? ఎన్నికలొచ్చిన ప్రతిసారీ రంపచోడవరం బస్టాండు దగ్గర టీకొట్టులో ఎవరో ఒకరు ఈ లెక్క నోటితో చెబుతూనే ఉంటారు. జనగణన శాఖ ఆ లెక్కను మండలాల వారీగా ఒక గడిలో పెట్టి అచ్చు వేయలేదు. ఓటర్ల జాబితా తిరగేసినా దొరకదు. మనమే కట్టుకోవాలి. కట్టుకునే క్రమంలో పట్టిక తన అమరికనంతా మనకు చూపిస్తుంది.

ముందు ఒక్క వరసను దగ్గరగా చూద్దాం. ఎడమ చివర రాష్ట్రం కోడ్, జిల్లా కోడ్, మండలం కోడ్, ఆ తర్వాత ఆరంకెల గ్రామం కోడ్. ఊరి పేరు. గ్రామీణమా, పట్టణమా. ఇళ్ల సంఖ్య అనకుండా కుటుంబాల సంఖ్య అంటారు, ఒక ఇంట్లో రెండు పొయ్యిలుంటే రెండు కుటుంబాలు కనుక. తర్వాత జనాభా: మొత్తం, మగ, ఆడ. తర్వాత ఆరేళ్లలోపు (0-6 ఏళ్ల) పిల్లలు: మళ్లీ మొత్తం, మగ, ఆడ. ఎస్సీలు, ఎస్టీలు, అక్షరాస్యులు, నిరక్షరాస్యులు. అక్కణ్నుంచి పని: ఆరు నెలలకు పైగా పని దొరికినవారు, దొరకనివారు, సొంత సాగు చేసేవారు, కూలికి వెళ్లేవారు, ఇంటి పరిశ్రమలో ఉన్నవారు, ఇతరులు. ఇలా కుడి చివరికి చేరేసరికి తొంభైకి పైగా నిలువు గళ్లు. ప్రతిదానికీ ఆడ, మగ విడివిడిగా.

ఈ వరసలో ఎక్కడా ఖాళీ గడి ఉండదు. లేకపోతే సున్నా ఉంటుంది. కొండ మండలాల్లో పేరుకు రెవెన్యూ గ్రామంగా ఉండి, మనిషి లేని ఊళ్లున్నాయి. అడవి మూసుకుపోయినవి కొన్ని, జనం కిందికి దిగిపోయినవి కొన్ని. ఆ ఊళ్లను పట్టికలోంచి తీసేయలేదు. కోడ్ ఉంటుంది, పేరు ఉంటుంది, కుడి చివరి దాకా వరసగా సున్నాలుంటాయి. చూడ్డానికి కాగితం దండగ అనిపిస్తుంది గానీ, పదేళ్ల కిందటి లెక్కతో ఈ లెక్కను పోల్చాలనుకున్న మనిషికి ఆ సున్నాల విలువ తెలుస్తుంది. ఊరు లెక్కలోంచి తప్పిపోయిందా, ఊళ్లో జనమే లేరా అన్న అనుమానానికి తావుండదు.

ఊళ్ల వరసలన్నీ కూడితే మండలం, మండలాలు కూడితే జిల్లా, జిల్లాలు కూడితే 2011 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 8,45,80,777. అందులో ఎస్టీలు 59,18,073. వై.రామవరం మండలంలో ఏ గట్టు మీది ఊళ్లోనో ఒక పసిబిడ్డను గణకుడు రాసుకుంటే, ఆ బిడ్డ ఈ ఎనిమిదిన్నర కోట్లలో ఒకటై ఉంటుంది. మధ్యలో ఎక్కడా జారిపోదు, రెండుసార్లు పడదు. ఇంత పెద్ద కూడిక ఇంత శుభ్రంగా ముగియడం మామూలు సంగతి కాదు.

ఈ శుభ్రతకు పునాది కొండ మీదే పడుతుంది. 2011లో దేశం మొత్తం మీద గణకులు, సూపర్‌వైజర్లు కలిపి దాదాపు 27 లక్షల మంది. ఎక్కువ మంది బడి పంతుళ్లే. ఒక్కొక్కరికి సుమారు 600 మంది జనాభా ఉండే బ్లాకు అప్పగిస్తారు. బ్లాకు ఎప్పుడూ ఊరి హద్దు దాటదు. ఊరు చిన్నదైతే ఆ ఊరే ఒక బ్లాకు. మైదానంలో ఒక వీధితో పూర్తయ్యే బ్లాకు ఏజెన్సీలో వాగులు దాటి, గట్లెక్కి తిరగాల్సిన నాలుగైదు గూడేలవుతుంది.

లెక్క రాయడానికి ముందే, ఇళ్ల జాబితా తయారుచేసే దశలో, గణకుడు తన బ్లాకుకు చేత్తో ఒక పటం గీస్తాడు. దారి, వాగు, గుడి, బడి, బోరింగు గుర్తులు పెట్టి, ఇళ్లకు నంబర్లు వేస్తాడు. పక్కా ఇంటికి చతురస్రం, కచ్చా ఇంటికి త్రిభుజం. రాజమండ్రిలో గీసిన పటం చతురస్రాలతో కిక్కిరిసి ఉంటుంది. తాటాకు, గడ్డి కప్పుల గూడేనికి గీసిన పటం మీద చెదురుమదురుగా త్రిభుజాలు, వాటి మధ్య బోలెడంత తెల్ల కాగితం. పోడు చేసుకునే గూడెంలో ఇల్లు చేను దగ్గరే ఉంటుంది, వరస ఉండదు. అందుకే అక్కడ పటం గీయడమే అసలు పని. ఆ పటంలో ఒక త్రిభుజం తప్పిపోతే ఆ తర్వాత ఎన్ని కంప్యూటర్లు పెట్టినా ఆ కుటుంబం తిరిగి రాదు. ముద్రణకెక్కిన పట్టికను మెచ్చుకునేవాళ్లు అచ్చుకాని ఈ పటాన్ని గుర్తుపెట్టుకోవాలి.

అసలు గణన 2011 ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు జరిగింది. లెక్కకు ఆధారమైన క్షణం మార్చి 1వ తేదీ మొదలయ్యే అర్ధరాత్రి. ఆ తర్వాత అయిదు రోజులు మళ్లీ తిరిగి, మధ్యలో పుట్టినవారిని చేర్చి, పోయినవారిని తీసేశారు. కుటుంబ షెడ్యూల్లో 29 ప్రశ్నలు. ఎనిమిదో ప్రశ్న ఎస్సీనా, ఎస్టీనా అని. అవునంటే, ఇచ్చిన జాబితాలోంచి ఆ పేరు రాయాలి. ఇక్కడ మనిషి చెప్పిన మాటకూ, రాజ్యాంగం 342వ అధికరణ కింద ప్రకటించిన జాబితాకూ పొత్తు కుదరాలి. కోయలు, కొండరెడ్లు, కొండదొరలు, కొండకాపులు, కమ్మర, మన్నెదొర: రంపచోడవరం చుట్టుపట్ల వినిపించే పేర్లన్నీ జాబితాలో ఉన్నాయి. వాల్మీకి అన్న పేరు మాత్రం షెడ్యూల్డు ప్రాంతాలకే పరిమితం. కొండ దిగి మైదానంలో లెక్కకు దొరికితే అదే మనిషి ఆ గడిలో పడడు. జాబితా ప్రతి రాష్ట్రానికీ వేరు కూడా. మావోయిస్టుల మీద సల్వాజుడుం దళాలు నడిచిన రోజుల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి సరిహద్దు దాటి వచ్చి చింతూరు అడవుల్లో తలదాచుకున్న కుటుంబాలకు సొంత రాష్ట్రంలో ఉన్న గుర్తింపు ఇక్కడ దానంతటది వెంట రాలేదు. ఎస్టీల గడిలోని అంకె చదివేటప్పుడు, అది జాబితాలో పేరు దొరికిన గిరిజనుల సంఖ్య అని మనసులో ఉంచుకోవాలి.

గణకుడు రాసిన షెడ్యూలు మీద పేర్లుంటాయి. అచ్చయిన పట్టికలో ఒక్క పేరూ ఉండదు. 1948 నాటి జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆ షెడ్యూళ్లను ఎవరూ తనిఖీ చేయకూడదు, కోర్టులో సాక్ష్యంగా కూడా పెట్టకూడదు. ఫలానా మనిషి ఎస్టీ అని నిరూపించడానికి గానీ కాదనడానికి గానీ ఈ కాగితం అక్కరకు రాదు. ఆ హామీ ఉంది కనుకే అడవిలో పోడు చేస్తున్న మనిషి ఎవరికీ భయపడకుండా తాను సాగు చేస్తున్నానని, ఫలానా తెగవాడినని చెప్పగలిగాడు.

దీనికి సరిగ్గా ఎదురుగా ఇంకో పుస్తకం ఉంది. ఓటర్ల జాబితా. అందులో పేరుంటుంది, తండ్రి పేరో భర్త పేరో ఉంటుంది, ఇంటి నంబరు, వయసు, ఆడా మగా, గుర్తింపు కార్డు నంబరు ఉంటాయి. కులం, తెగ ఉండవు. ఎందుకుండవో రాజ్యాంగం 325వ అధికరణ చెబుతుంది: ప్రతి నియోజకవర్గానికీ ఒకే సాధారణ జాబితా, మతం, జాతి, కులం, లింగం కారణంగా ఎవరినీ అందులోంచి తీయకూడదు, వాటి పేరుతో వేరే జాబితాలో చేర్చమని అడగకూడదు. ఈ నియమం వెనక చేదు అనుభవం ఉంది. 1909 నుంచి మతం వారీగా వేరు ఓటర్ల జాబితాలు పెట్టారు. 1935 చట్టం కింద తూర్పు గోదావరి ఏజెన్సీని పాక్షికంగా మినహాయించిన ప్రాంతంగా ఉంచారు. అప్పటి మద్రాసు శాసనసభలో 215 సీట్లుంటే వెనకబడిన ప్రాంతాలకు, తెగలకు కలిపి దక్కింది ఒక్కటి. రంప నుంచి గంజాం సరిహద్దు దాకా కొండలన్నిటి తరఫునా ఒక్క మనిషి!

ఇప్పుడు మన ప్రశ్న ఎందుకు కష్టమో అర్థమవుతుంది. తెగ తెలిసిన పుస్తకానికి పేరు తెలియదు. పేరు తెలిసిన పుస్తకానికి తెగ తెలియదు. రెంటినీ కలిపే ముడిని ప్రభుత్వం కావాలనే వేయలేదు. ఇది లోపమని కొందరంటారు. నా మటుకు నాకు ఇది ఈ మొత్తం పనిలోకెల్లా గొప్ప పనితనం. బూత్ వారీగా ఏ ఓటరు ఏ తెగో సర్కారు కాగితం మీదే ఉంటే, మొదట వాడుకునేది ఓట్లు బేరమాడేవాళ్లు.

రెండు పుస్తకాలూ ఒక్క చోట మాత్రం ఒకదాన్నొకటి తాకుతాయి. నియోజకవర్గాల పునర్విభజన దగ్గర. జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన పనిచేసిన కమిషన్ 2001 జనాభా లెక్కల పట్టికలు ముందు పెట్టుకుని గీతలు గీసింది. లెక్క ఎంత సూటిగా ఉందో చూడండి. 2001లో ఉమ్మడి రాష్ట్ర జనాభా 7,62,10,007. ఎస్టీలు 50,24,104. అంటే నూటికి 6.59. శాసనసభ సీట్లు 294. గుణిస్తే 19.38. ఎస్టీలకు 19 సీట్లు. అంతకు ముందు ఉన్నవి 15. ఎస్సీలకూ ఇదే లెక్కతో 39 కాస్తా 48 అయింది. కాగితం పెన్సిలు ఉన్న ఎవరైనా సరిచూసుకోగల లెక్క ఇది. ప్రజలు నమ్మాల్సిన లెక్క ఇలాగే ఉండాలి.

సీట్లెన్నో తేలాక ఎక్కడ పెట్టాలన్నది రెండో ప్రశ్న. 2002 పునర్విభజన చట్టం తొమ్మిదో సెక్షన్ ఎస్సీలకు ఒక పద్ధతి, ఎస్టీలకు ఇంకో పద్ధతి చెప్పింది. ఎస్సీ సీట్లను రాష్ట్రంలో వేర్వేరు చోట్లకు పంచాలి. ఎస్టీ సీట్లను మాత్రం వీలైనంతవరకు వారి నిష్పత్తి అన్నిటికంటే ఎక్కువగా ఉన్న చోటే పెట్టాలి. ఆ నియమం మన పట్టిక మీద పెడితే కొండ మండలాలు వాటంతటవే పైకి తేలతాయి. 2008 ఫిబ్రవరి 19 నుంచి అమల్లోకి వచ్చిన ఉత్తర్వులో రంపచోడవరం నియోజకవర్గానికి ఒక్క వాక్యం సరిపోయింది: మారేడుమిల్లి, దేవీపట్నం, వై.రామవరం, అడ్డతీగల, గంగవరం, రంపచోడవరం, రాజవొమ్మంగి మండలాలు. ఏడు పేర్లు, అంతే. అప్పటిదాకా ఎల్లవరం పేరుతో ఉన్న సీటు పోయి ఇది వచ్చింది. పాలకొండ నుంచి రంపచోడవరం దాకా ఏడు సెగ్మెంట్లతో కొండల పొడవునా సాగే అరకు లోక్‌సభ స్థానంలో దక్షిణపు కొన ఇదే.

ఈ నియమం వల్ల లాభపడనివాళ్లూ ఉన్నారు. నెల్లూరు వైపు యానాదులు, ఊరూరా ఉన్న ఎరుకలవాళ్లు కూడా ఎస్టీలే. సీట్ల సంఖ్య తేల్చే గుణకారంలో వాళ్ల తలలూ లెక్కకొచ్చాయి. ఎక్కడా గుంపుగా లేరు కనుక సీటు పెట్టే చోటు తేల్చేటప్పుడు కనపడరు. వాళ్ల లెక్క వల్ల కూడా వచ్చిన సీట్లు కొండల్లో కూర్చున్నాయి. పట్టికలో రెండు వేర్వేరు పేజీల్లో ఉన్న ఈ సంగతిని ఒకచోట పెట్టి చూడకపోతే ఎవరికీ తట్టదు. రాష్ట్రం విడిపోయాక 19లో 12 తెలంగాణకు, 7 ఆంధ్రకు వెళ్లాయి, ఎందుకంటే సీట్లు నేలతోపాటు పోయాయి. మిగిలిన ఆంధ్రలో 2011 నాటికి ఎస్టీలు నూటికి ఐదు దాటి ఉన్నారు. 175 సీట్లకు మళ్లీ మొదట్నుంచి గుణిస్తే తొమ్మిదికి పైనే వస్తుంది.

రంపచోడవరం వాక్యానికి 2014లో కొనసాగింపు వచ్చింది. పోలవరం ప్రాజెక్టు ముంపు కారణంగా ఖమ్మం జిల్లాలోని చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాలు, భద్రాచలం పట్టణం మినహా భద్రాచలం మండలం ఆంధ్రలో కలిశాయి. ఆ మిగులు మండలమే ఇప్పటి ఎటపాక. నాలుగూ రంపచోడవరం నియోజకవర్గంలో చేరి మొత్తం మండలాలు పదకొండయ్యాయి. ఈ భద్రాచలం ఏరియా చరిత్రే అంత. 1959 దాకా తూర్పు గోదావరి, అప్పణ్నుంచి 2014 దాకా ఖమ్మం, మళ్లీ తూర్పు గోదావరి, 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి మారింది. ఊరు కదల్లేదు, పై అధికారి కూర్చునే పట్నం మారుతూ పోయింది.

గ్రామం కోడ్ విలువ ఇక్కడే తెలుస్తుంది. నేటి రంపచోడవరం నియోజకవర్గానికి 2011 లెక్క కావాలంటే రెండు జిల్లాల పుస్తకాలు తెరవాలి. ఏడు మండలాలు 545వ జిల్లా తూర్పు గోదావరిలో, మిగతావి 541వ జిల్లా ఖమ్మంలో. మండలం మొత్తాలు తీసుకుని కలిపేస్తే సరిపోతుందనుకుంటే ఎటపాక దగ్గర దెబ్బతింటాం. 2011 పుస్తకంలో ఎటపాక అనే మండలమే లేదు, భద్రాచలం ఉంది. ఆ మండలం మొత్తంలో భద్రాచలం పట్టణం కలిసి ఉంది, యాభై వేల దాకా జనం, అత్యధికులు గిరిజనేతరులు. దాన్ని తీయకుండా కలిపితే నియోజకవర్గం జనాభా ఉబ్బుతుంది, ఎస్టీల శాతం ఉత్తినే పడిపోతుంది. అదృష్టవశాత్తూ పట్టణానికి దాని వరస దానికుంది, పల్లెలకు వాటి వరసలు వాటికున్నాయి. ఆ ఒక్క వరస ఎత్తి పక్కన పెడితే మిగిలిందే ఎటపాక. 2011లో ఈ లెక్క కట్టినవాళ్లకు మూడేళ్లలో రాష్ట్రమే విడిపోతుందని, మండలం మధ్యలోంచి సరిహద్దు వెళుతుందని తెలియదు. తెలియకపోయినా, ఏ గీత ఎటు గీసినా మళ్లీ కూడుకోగలిగేలా ఊరిని యూనిట్‌గా పెట్టి కట్టారు. ఏ గోడ తీసినా మిగతా ఇల్లు నిలబడేలా కట్టిన మేస్త్రి పని ఇది.

ఇక వయసు సంగతి. ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది 61వ రాజ్యాంగ సవరణతో, 1989 మార్చి నుంచి. ప్రాథమిక సారాంశంలో వయసుకు ఉన్నది ఒక్క గీతే: ఆరేళ్లలోపు, పైన. 18 దగ్గర గీత లేదు. మొదటి మెట్టు తేలిక. ఊరి మొత్తంలోంచి ఆరేళ్లలోపు పిల్లల్ని తీసేస్తే ఏడేళ్లు, ఆపైవాళ్లు మిగులుతారు. ఇక్కడ ఏజెన్సీ మండలాలు ఒక సౌకర్యం ఇస్తాయి. పిల్లల గడి ఊరి మొత్తానికి ఇచ్చినది, తెగ వారీగా ఇచ్చినది కాదు. కానీ నూటికి నూరూ ఎస్టీలే ఉన్న ఊళ్లలో ఆ గడి ఎస్టీ పిల్లల గడే. అలాంటి ఊళ్లు ఇక్కడ తక్కువేమీ కావు కనుక, మైదానంలో చేయలేని లెక్క కొండల్లో చేయొచ్చు. దేశం మొత్తం మీద 2011లో ఆరేళ్లలోపువారు నూటికి 13 మందికి పైగా. గిరిజనుల్లో 16 మంది. అంటే రంపచోడవరం లాంటి చోట జనాభాలో గిరిజనుల వాటా కంటే ఓటు వయసువారిలో గిరిజనుల వాటా కాస్త తక్కువే ఉండాలి.

రెండో మెట్టు జారుడు. ఏడు నుంచి పదిహేడు దాకా ఉన్నవారిని తీయడానికి జిల్లా స్థాయిలో ఎస్టీలకు ఇచ్చిన ఐదేళ్ల వయసు శ్రేణుల పట్టిక తీసుకోవాలి. అందులో 15 నుంచి 19 ఒకే శ్రేణి. 18 దాని లోపల పడుతుంది. అయిదింట మూడు వంతులు తీసి, రెండు వంతులు ఉంచుకోవడం వాడుకలో ఉన్న పద్ధతి. దానికంటే పెద్ద చిక్కు, ఖమ్మం జిల్లా ఎస్టీ వయసు పట్టికలో చింతూరు కోయలతోపాటు మైదానపు లంబాడీలు కూడా ఉన్నారు. ఆ నిష్పత్తి తెచ్చి కూనవరం మీద పెడితే అది ఉజ్జాయింపే. పైగా పుట్టినతేదీ కాగితం లేని పెద్దవాళ్ల వయసు గణకుడు మాట కలిపి రాబట్టాల్సిందే. 1986 వరద నాటికి పెళ్లయిందా, పిల్లలున్నారా అని అడిగి వయసు కట్టడం గోదావరి ఒడ్డున పనికొచ్చే పద్ధతి. అయినా జనం నోట వయసు సున్నాతోనో అయిదుతోనో ముగుస్తుంది. ముప్పై, ముప్పై అయిదు, నలభై దగ్గర జనం కుప్పపడటం మన వయసు పట్టికలన్నిటిలో కనపడుతుంది.

అమెరికాలో ఈ రెండో మెట్టు ఎక్కాల్సిన పనిలేదు. 1975లో వచ్చిన ఒక చట్టం ప్రకారం అక్కడి సెన్సస్ బ్యూరో పదేళ్లకోసారి రాష్ట్రాలకు ఇచ్చే పట్టికల్లో 18 ఏళ్లు నిండినవారి లెక్క జాతి వారీగా విడిగా ఉంటుంది, కౌంటీలకే పరిమితం కాకుండా వీధి బ్లాకుల దాకా. మనిషి తన జాతి తానే చెప్పుకుంటాడు, ఒకటికి మించి కూడా టిక్కు పెట్టొచ్చు. అలా 63 కలయికలు వస్తాయి. అక్కడ సీటు రిజర్వు చేయరు. 1965 ఓటు హక్కుల చట్టం కింద కోర్టులో వాదన ఓటు వయసువారిలో ఎవరు సగానికి మించి ఉన్నారన్న దగ్గర మొదలవుతుంది. అందుకే వాళ్లకు ఆ గడి తప్పనిసరి. మనకు సీట్ల లెక్క మొత్తం జనాభా మీద. ఓటు లేని పసిపిల్లలు కూడా ప్రాతినిధ్యంలో లెక్కకొస్తారు. పిల్లలెక్కువ ఉన్న కొండ సమాజానికి ఇదే న్యాయమని నా అభిప్రాయం. మన పద్ధతిలో ఒక పని మాత్రం మిగిలిపోయింది. 2020లో అమెరికా వాళ్లు చిన్నచోట్ల అంకెల్ని కొద్దిగా కదిల్చి అచ్చువేశారు, ఎవరెవరో పోల్చుకోకుండా. మనం పాతికమంది ఉన్న గూడేనికి కూడా ఎందరు చదువుకున్నారో, ఎందరు కూలికి పోతున్నారో ఉన్నదున్నట్టు అచ్చు వేస్తాం. పేరు లేకపోయినా అంత చిన్న ఊళ్లో మనిషిని గుర్తుపట్టడం కష్టం కాదు. చట్టం అంత గట్టిగా కాపాడిన గోప్యత ఆ ఒక్క చోట సన్నగిల్లుతోంది.

పట్టికకు ఇంకో హద్దు తెగల పేర్ల దగ్గర ఉంది. గణకుడు కొండరెడ్డి అని రాశాడు, కోయ అని రాశాడు. ఊరి వరసకు వచ్చేసరికి అన్నీ కలిసి ఎస్టీ అన్న ఒక్క అంకె అయిపోయాయి. విడి విడి తెగల లెక్క జిల్లా, రాష్ట్ర స్థాయిలోనే ఇస్తారు. కొండరెడ్లు 2001లో ఉమ్మడి రాష్ట్రంలో 83 వేల పైచిలుకు, 2011కి లక్ష దాటారు. ప్రత్యేకంగా బలహీనమైన తెగగా గుర్తింపు ఉన్నవాళ్లు. మారేడుమిల్లిలో వాళ్లెందరో, అడ్డతీగలలో ఎందరో ఈ పట్టిక చెప్పదు. మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1945లో కొండరెడ్ల మీద వేసిన పుస్తకం లాంటిది చదివితే మనుషులు తెలుస్తారు, లెక్క తెలియదు. అదే నియోజకవర్గంలో కోయలు బలంగా ఉన్న శబరి నది పక్క, కొండరెడ్లు, కొండదొరలు ఉన్న ఎగువ మండలాలు వేర్వేరు లోకాలు. రిజర్వుడు సీటులో ఏ తెగ ఎంత అన్నది ఇక్కడి రాజకీయాల్లో నిత్యం నడిచే చర్చ. ఆ చర్చకు పట్టిక ఏ ఆధారమూ ఇవ్వలేదు. ఇది కావాలని దాచింది కాకపోవచ్చు, గళ్లు పెరుగుతాయని తగ్గించి ఉంటారు. కనీసం మండలం వరకైనా ఇవ్వాల్సింది.

తర్వాతి లెక్కకు 2025 జూన్ 16న నోటిఫికేషన్ వచ్చింది. 2027 మార్చి 1 ఆధార తేదీ. గణకుడి చేతిలో ఈసారి కాగితం బదులు ఫోను ఉంటుంది, కులం కూడా అడుగుతారు. దేవీపట్నం, వరరామచంద్రపురం, కూనవరం మండలాల్లో పోలవరం ముంపు ఊళ్ల జనం పునరావాస కాలనీలకు మారుతున్నారు. పాత కోడ్ వరసలో కొన్ని ఊళ్లకు ఈసారి సున్నాలు పడతాయి, ఆ జనం ఏ వరసలో తేలారో వెతుక్కోవాలి. 2026 తర్వాత జరిగే మొదటి జనగణన మీద ఆధారపడి మళ్లీ నియోజకవర్గాల గీతలు గీస్తారు కూడా. అప్పుడు రంపచోడవరం వాక్యంలో ఏ మండలాలుంటాయో ఈ వరసలే తేలుస్తాయి.

వయసు ప్రశ్న ఎలాగూ షెడ్యూల్లో ఉంది, పూర్తయిన ఏళ్లలో రాస్తారు. ఈసారి అంతా డిజిటల్ కనుక కూడటానికి అదనపు శ్రమ కూడా లేదు. గ్రామం వరసలో ఆరేళ్లలోపు గడి పక్కన 18 ఏళ్లు, ఆపైన అన్న గడి ఒకటి, మొత్తానికీ ఎస్టీలకూ విడివిడిగా, ఆడ, మగ వేరుగా పెట్టమని జనగణన శాఖను ఇప్పుడే అడగాలి. పాతికమంది లోపు ఊళ్లకు ఆ గడిని పంచాయతీ మొత్తంలో కలిపి ఇస్తే చాలు.